పలక మీద ఉప్పు మడి

1996 ఫిబ్రవరిలో నేను ఎనిమిదో తరగతి. 28న సైన్స్ డే, అందరూ ఏదో ఒక ప్రాజెక్టు చేసుకురావాలన్నారు మా సైన్స్ సార్. క్లాసులో సగం మంది అగ్నిపర్వతం, మిగతా సగం శ్రీహరికోట రాకెట్టు. మాది నెల్లూరు జిల్లా ఇస్కపల్లి, ఉప్పు సాగు చేసే ఇల్లు. ఉప్పు తయారీ అని పేరు రాయించుకున్నాను. రోజూ చూసేదే కదా, ఇట్టే అయిపోతుందనుకున్నాను.

నాన్నకు చెప్పకుండా సముద్రపు నీళ్ళు తెచ్చి, పొయ్యి మీద పెట్టి మొత్తం ఇగరబెట్టాను. గిన్నె అడుగున తెల్లగా మిగిలింది. నాలుక మీద పెట్టుకుంటే చేదు. తెల్లారేసరికి చెమ్మగిల్లి ముద్దయింది. ఏడుపొచ్చి నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను.

"నీళ్ళన్నీ ఇగరబెట్టినావా?" అన్నాడు. "చివరి నీళ్ళు పారబోయాల పాపా. చేదంతా దాంట్లోనే ఉండాది."

ఆ సాయంత్రమే నాన్న ఒక పాత చెక్క పలక తెచ్చి, మడిలోని బంకమట్టి దాని మీద పరిచాడు. మడి నేలను కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు, లేకపోతే నీళ్ళు ఇంకిపోతాయి. ఇక్కడ కాళ్ళకు చోటు లేదు కాబట్టి బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు. ఉప్పునీళ్ళకు పగిలిన వేలు అది. ప్రతి నొక్కుకూ ఆ పగుళ్ళ గీతలు మట్టి మీద అచ్చు పడేవి, మళ్ళీ తడి చేత్తో నున్నగా చేసేవాడు. మధ్యలో రెండు చిన్న గట్లు పోసి మూడు మడులు కట్టాడు.

మొదటి మడిలో సముద్రపు నీళ్ళు పోశాం. లీటరు నీళ్ళలో అన్ని లవణాలూ కలిపి 35 గ్రాములే ఉంటాయి. ఎండకు చిక్కబడ్డాక రెండో మడిలోకి వదిలాం. అక్కడ అడుగున తెల్లటి పొర కట్టింది. అది జిప్సం అని సార్ తర్వాత చెప్పారు. నాన్నకు ఆ పేరు తెలియదు గానీ, ఆ పొర దిగకముందే నీళ్ళు మూడో మడిలోకి పోతే ఉప్పు చెడుతుందని తెలుసు. నీళ్ళలో తేలే గాజు గొట్టంతో నీళ్ళ చిక్కదనం ఎన్ని డిగ్రీలో చూసేవాడు. 25 దగ్గర ఉప్పు పడుతుంది, 29 రాకముందే మిగిలిన నీళ్ళు తీసెయ్యాలి.

రాత్రిళ్ళు మంచు కురిసి నీళ్ళు పలచబడకుండా పలక మీద పట్టా కప్పేవాళ్ళం. పలకలో నీళ్ళు చాలక మొదటి మడిని పది రోజులు నింపుతూనే ఉన్నాం. నాకైతే ఒకటే టెన్షన్. ఒక మధ్యాహ్నం నాన్న పిలిచి మూడో మడి మీదికి వంగి చూడమన్నాడు. నీళ్ళ పైన ఆవగింజంత తెల్లటి చదరాలు తేలుతున్నాయి. చూస్తుండగానే ఒకటి బరువెక్కి మునిగింది. పుట్టినప్పటి నుంచీ ఉప్పు కుప్పల మధ్యే తిరిగాను, ఉప్పు పుట్టడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

28న నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, పలకను ఒళ్ళో పెట్టుకుని అల్లూరు దాకా బస్సులో వచ్చాడు. గుంత వచ్చినప్పుడల్లా పలకను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. స్కూల్లో నేను రెండు గ్లాసులు పెట్టాను, ఒకదాంట్లో సముద్రపు నీళ్ళు, ఇంకోదాంట్లో మడిలో తయారైన చిక్కటి నీళ్ళు. కోడిగుడ్డు మొదటిదాంట్లో మునిగింది, రెండోదాంట్లో తేలింది.

"నీళ్ళన్నీ ఎందుకు ఇగరబెట్టలేదు?" అని సార్ అడిగారు. పొయ్యి మీద చేసిన చేదు ఉప్పు పొట్లం విప్పి ఇచ్చాను. రుచి చూసి, మెగ్నీషియం లవణాలు అన్నారు. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అంటే గుమ్మం బయట నిలబడ్డ నాన్నను చూపించాను. సార్ ఆయన్ను లోపలికి పిలిచి, "మీరే చెప్పండి, పిల్లలు వింటారు" అన్నారు. చేతులు కట్టుకుని మొదలుపెట్టిన నాన్న, గట్ల సంగతికొచ్చేసరికి చేతులు విప్పి చూపిస్తూ చెప్పాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

బహుమతి రాకెట్టుకు వచ్చింది. ఇంటికొచ్చాక నాన్న మూడో మడిలోని ఉప్పును మట్టి తగలకుండా పైపైన గోటితో తీసి కాగితంలో పోశాడు. గుప్పెడు కూడా లేదు. అమ్మ ఆ రాత్రి చేపల పులుసులో అదే వేసింది.