మళ్లీ స్కీయింగ్‌కి: ముందు బూటు, తర్వాతే స్కీలు

డెన్వర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ చలికాలం వస్తే స్కీయింగే నా లోకం. 2009లో బెంగళూరు వచ్చేశాక ఆ ఊసే లేదు. నిరుడు మా మేనల్లుడు "మావయ్యా, గుల్మార్గ్ వెళ్దాం, నువ్వే దగ్గరుండి నేర్పాలి" అని పట్టుబట్టాడు. సరేనని మారతహళ్లి ఇంట్లో అటక మీది పెట్టె దించాను.

చూడ్డానికి బూట్లు కొత్తవాటిలానే ఉన్నాయి. బకిల్ బిగించగానే చీలమండ దగ్గర ప్లాస్టిక్ టప్పుమని పగిలింది. ఆ ముక్కని వంచితే అప్పడంలా విరిగింది. ఈ బూట్ల పైడొల్ల ఎక్కువగా పాలీయురేథేన్‌తో చేస్తారు. వేడికీ తేమకీ ఏళ్ల తరబడి ఉంటే, వాడకపోయినా అది పెళుసెక్కిపోతుంది. మీ పాత బూట్లు పదేళ్లు దాటినవైతే, దయచేసి వాటితో కొండెక్కకండి.

స్కీలు అద్దెకి తీసుకోవచ్చు, పెద్ద తేడా రాదు. బూటు దగ్గర మాత్రం రాజీ పడకూడదు. కాలు కదిపిన కదలిక స్కీకి చేరేది దాని ద్వారానే. అందుకే బయల్దేరే ముందే మడమని గోడకి ఆనించి, కాగితం మీద నిలబడి పాదం కొలిచాను. 26.5 సెంటీమీటర్లు. స్కీ బూటు సైజు అంటే ఆ సెంటీమీటర్లే, దాన్ని మాండోపాయింట్ అంటారు. మన చెప్పుల నంబర్లు ఇక్కడ పనికిరావు.

గుల్మార్గ్‌లో అద్దె షాపతను ముందు 28 ఇచ్చాడు, వదులుగా హాయిగా ఉంటుందని. నేను 26.5 అడిగి, లోపలి మెత్తని లైనర్ బయటికి తీయించాను. ఉత్త డొల్లలో కాలు పెట్టి వేళ్లు ముందుకి ఆనిస్తే మడమ వెనక ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. సరిగ్గా అంతే ఉంది. లైనర్ వేసి, ఒక్క పల్చటి సాక్స్‌తో తొడిగితే నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు ముందు తగిలాయి. మోకాళ్లు వంచగానే వెనక్కి జరిగాయి. కావాల్సింది అదే. రెండు జతల సాక్స్ వేసుకుంటే వెచ్చదనం రాదు, రక్తప్రసారం తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి. మావాడికీ ఇలాగే దగ్గరుండి చూశాను, ఓపిగ్గా చాలాసేపు.

తర్వాత బైండింగ్, అంటే బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు బూటుని వదిలేయాల్సింది అదే. అది ఎంత బలానికి వదలాలో చెప్పే డిన్ నంబర్‌ని బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు బట్టి పెడతారు. యాభై దాటితే ఒక మెట్టు తగ్గిస్తారు, నాకూ తగ్గించారు. ఇక్కడ మొహమాటపడి వయసో బరువో మార్చి చెబితే నష్టపోయేది మోకాలే.

స్కీల విషయంలో టెన్షన్ పడలేదు. గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కార్) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకి చేరుస్తుంది. అక్కడి లోతైన పొడిమంచుకి స్కీ నడుము, అంటే మధ్యభాగం, వంద మిల్లీమీటర్లకి అటూఇటూ వెడల్పు ఉండాలి. మేం కింది వాలుల్లోనే ఉంటాం కాబట్టి నడుము 80 మిల్లీమీటర్లున్నవి, గడ్డం ఎత్తువి తీసుకున్నాను. ఈ కాలం స్కీల మొన మునుపటికన్నా ముందునుంచే పైకి లేచి ఉంటుంది, దాన్ని రాకర్ అంటారు. దానివల్ల మలుపు తేలిగ్గా అందుకుంది. హెల్మెట్ మాత్రం కొత్తది కొన్నాను, స్కీ హెల్మెట్ల యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1077 ముద్ర చూసి.

ఈ చలికాలానికి సొంత బూట్లు కొనబోతున్నాను. లైనర్లు బాగా ఆరబెట్టి, బకిల్స్ వదులుగా పెట్టి, పడగ్గది బీరువాలో దాస్తాను. అటక మీద పెట్టేది లేదు.