పంచాంగం పట్టుకుని గండికోటకు

సంక్రాంతికి ప్రొద్దుటూరులో అక్కవాళ్లింటికి పోయినవాణ్ణి కనుమ మరుసటి రోజే హైదరాబాద్ బస్సెక్కాల్సింది. శుక్రుడి వల్ల ఆగిపోయాను. 2025 జనవరి 18, శనివారం సాయంత్రం శుక్రుడు, శని పక్కపక్కనే కనబడతారని ఎక్కడో చదివాను. చంద్రుణ్ణి తప్ప ఆకాశంలో దేన్నీ పేరు పెట్టి పిలవలేను నేను. పున్నమి వెళ్లి ఐదు రోజులైంది కాబట్టి, రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా వెన్నెల బెడద లేదు.

అక్క వాళ్లత్త నవ్వింది. "ఏందబ్బీ, పంచాంగంలో ఉండేదానికి గండికోట దాకా పోవల్నా?" అంటూ క్రోధి నామ సంవత్సరపు పంచాంగం నా చేతిలో పెట్టింది. శుక్రుడు, శని కుంభంలో. గురువు వృషభంలో. కుజుడు వక్రించి కర్కాటకం మొదట్లో, పునర్వసు దగ్గర. జాతకాల మీద నాకు నమ్మకం లేదు గానీ, ఆ పేజీ గ్రహాల చిరునామాలని అప్పుడే తట్టింది.

జమ్మలమడుగు మీదుగా కోటకు చేరేసరికి ఐదున్నర. పెన్నా లోయ అంచున రాళ్ల మీద నేనూ బావా చోటు చూసుకుని కూర్చున్నాం. ఆరు దాటగానే, లోయ రాళ్ల ఎరుపు ఇంకా పోకముందే, పడమటి ఆకాశంలో సగం ఎత్తున శుక్రుడు వెలిగాడు. వెతికే పనే లేదు. విమానమేమోనని బావ రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూశాడు. కదల్లేదు.

శని కోసం మరో అరగంట పట్టింది. చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెడితే ఎంతో, శుక్రుడికి ఎడమ పక్కగా అంత దూరంలో లేత పసుపు చుక్క. చెప్పకపోతే ఎవరూ పట్టించుకోరు. అరువు తెచ్చిన బైనాక్యులర్లో వలయం కనబడుతుందని ఆశపడ్డాను. చుక్క చుక్కలాగే ఉంది.

అప్పుడే పరువు పోయింది. తూర్పున ఎరుపు, పచ్చ, నీలం విసురుతూ మెరుస్తున్నదాన్ని చూపించి "అదిగో కుజుడు" అన్నాను. టెంట్లు వేసే పెద్దాయన పక్కనుంచి, "గొల్లకావడి కింద ఉండేది గదా సార్ అది, నక్షత్రం" అన్నాడు. నిజమే. గొల్లకావడి మూడు చుక్కల గీతను కిందికి పొడిగిస్తే సరిగ్గా దాని మీదికే పోతుంది. సిరియస్! నక్షత్రం ఎంతో దూరంలో ఉండి మనకు ఒట్టి బిందువు కాబట్టి, గాలి ఏ కాస్త కదిలినా దాని వెలుగు తుళ్లుతుంది. గ్రహం చిన్న బిళ్ల. ఆ తుళ్లింతలన్నీ అందులో సర్దుకుపోతాయి.

పంచాంగాన్నే మళ్లీ నమ్ముకున్నాం. జమ్మలమడుగు దీపాల వెలుగుకు పైన, కొంచెం ఉత్తరంగా, పునర్వసు జంట చుక్కల పక్కన మూడోది నిప్పుకణికలా నిలకడగా ఉంది. రెండు రోజుల కిందటే కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, అందుకే అంత కాంతి. గురువు ఇంకా పైన, పిల్లలకోడి అనే చుక్కల గుంపుకు, ఎర్రటి రోహిణి నక్షత్రానికి దగ్గర్లో. మోచేతులు బండకు ఆనించి బైనాక్యులర్ బిగబట్టాక, గురువును ఆనుకుని ఒకే వరసలో సూదిమొన చుక్కలు కనిపించాయి. 1610 జనవరిలో గెలీలియో చూసిన చందమామలు ఇవే. బావ మాట్లాడకుండా బైనాక్యులర్ లాక్కున్నాడు, ఇరవై నిమిషాలు ఇవ్వలేదు.

తొమ్మిది కావస్తుంటే శుక్రుడు నేలకు దగ్గరపడి ఎర్రబారాడు, పైగా మినుకుమన్నాడు. "గ్రహం మినుకుమనదంటివే బామ్మర్దీ?" అన్నాడు బావ. అంత కింద దట్టమైన గాలిలోంచి చూస్తే గ్రహమైనా తుళ్లుతుందని చెప్పాను. ఒప్పుకోలేదు.

మార్చి ఆఖర్లో ఫోన్ చేసి "సందెచుక్క పోయిందే" అన్నాడు. శుక్రుణ్ణి ఇక పొద్దున చూడమన్నాను. ఏప్రిల్లో ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికే మళ్లీ ఫోన్: "పాలకు పోతాంటే తూర్పున కనబడింది. మినుకుమనడంలే."