బిందె గొంతు వెతకడం: వస్తువులే స్పీకర్లయ్యే కచేరీకి పని వివరం

ఇత్తడి బిందెను వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి వినండి. ముందు ఠంగుమంటుంది, తర్వాత సన్నటి మోత కొంతసేపు సాగి అణగిపోతుంది. బిందె స్వరాలన్నీ ఆ సాగే మోతలోనే ఉన్నాయి. వేలికి బదులు విద్యుత్ సంకేతంతో కదిపితే ఆ మోతను గంటల తరబడి నిలపవచ్చు, మలచవచ్చు.

అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఈ దారి పట్టాడు. 1968లో నృత్య దర్శకుడు మెర్స్ కనింగ్‌హామ్ నృత్యానికి ‘రెయిన్‌ఫారెస్ట్’ కట్టినప్పుడు, శబ్దాన్ని స్పీకర్ల బదులు చిన్న చిన్న వస్తువుల్లోకి పంపాడు. 1973లో న్యూ హాంప్‌షైర్‌లోని చొకోరువాలో యువ సంగీతకారులతో కలిసి దాన్నే పెద్దది చేశాడు. పెద్ద పెద్ద వస్తువులు కప్పు నుంచి వేలాడతాయి, జనం వాటి మధ్య తిరుగుతూ వింటారు. వేదిక లేదు, ముందు వరస లేదు. ‘రెయిన్‌ఫారెస్ట్ 4’ అంటే అదే. ఆ రెండింటికీ మధ్య, 1969లో ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యం)తో ఎలక్ట్రానిక్ సంగీతపు స్టూడియో నెలకొల్పాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్ వంటి వారు అక్కడ పనిచేశారు. మన దేశంలో ఈ సంగీతానికి యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

ఆరు వస్తువులతో ఒక గదిలో ఇలాంటి కచేరీ కట్టడానికి కావలసిన వివరాలు కింద ఇస్తున్నాం.

ముందు వస్తువుల ఎంపిక. అతుకులు తక్కువ, లోహం పలచన, అంచు స్వేచ్ఛగా కదలాలి. కంచు పళ్లెం అన్నిటికన్నా ఎక్కువసేపు మోగుతుంది. ఇత్తడి బిందె, స్టీలు గంగాళం, ఖాళీ నూనె డబ్బా, గాల్వనైజ్డ్ రేకు ముక్క, పాత సైకిలు రిమ్ము అన్నీ పనికొస్తాయి. అల్యూమినియం గిన్నె మోత త్వరగా ఆగిపోతుంది. ప్లాస్టిక్ బకెట్ మోగదు గానీ మందమైన గొంతు ఇస్తుంది, ఆరింటిలో ఒకటి ఉంటే మిగతావాటికి నేపథ్యంగా బాగుంటుంది. చిల్లు పడిన బిందెను వదిలేయకండి, చిల్లు దాని గొంతు చెడగొట్టదు. అదే బీట వారితే మాత్రం జరజరమంటుంది. ఆ జర కావాలనుకుంటేనే వాడండి.

వేలాడదీయడంలో చాలామంది పొరపాటు పడతారు. ప్రతి వస్తువులోనూ మోగేటప్పుడు కదలని చోట్లు, బాగా కదిలే చోట్లు ఉంటాయి. తాడు కదలని చోట కట్టాలి, కదిలించే సాధనాన్ని బాగా కదిలే చోట అతికించాలి. ఇది తారుమారైతే ఎంత వాల్యూమ్ పెంచినా వస్తువు మూగగానే ఉంటుంది. పొడవాటి ఇనుప కడ్డీకి లెక్క తేలిక: మొదటి స్వరానికి కదలని చోట్లు రెండు కొసల నుంచీ పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. అంటే మీటరు కడ్డీకి ఒక్కో కొస నుంచి 22.4 సెంటీమీటర్లు. రేకుకూ పళ్లేనికీ అయితే చూసి తెలుసుకోవాలి. రేకును అడ్డంగా ఉంచి, ఒక చుక్క దగ్గర నుంచి శబ్దం పంపుతూ పైన సన్న ఇసుక గానీ ఉప్పు గానీ చల్లండి. గింజలు ఎగిరెగిరి కదలని గీతల మీదకు చేరతాయి, ముగ్గు వేసినట్టు ఆకారం తేలుతుంది. బియ్యప్పిండి లాంటి మెత్తటి పొడి వాడకండి. మెత్తటి పొడిని రేకు పైన తిరిగే గాలి ఈడ్చుకుపోయి, బాగా కదిలే చోటే కుప్ప పోస్తుంది. అప్పుడు బొమ్మ తలకిందులై, తాడు కట్టవలసిన చోటూ అతికించవలసిన చోటూ తప్పుతాయి.

వస్తువును కదిలించే సాధనం పేరు ఎక్సైటర్. ఇది అట్ట లేని స్పీకరు లాంటిది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4 లేదా 8 ఓమ్‌లు, 10 వాట్లది బిందెకు సరిపోతుంది. చదునైన పళ్లేనికి దానితో వచ్చే రెండువైపుల టేపు చాలు. ముందు నూనె మరక పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బిందె పక్క గుండ్రం కాబట్టి టేపు సన్న గీత మీదే ఆనుతుంది, పది నిమిషాల్లో ఊడి పడుతుంది. అక్కడ ఎం-సీల్ ముద్దతో చిన్న చదును దిమ్మె కట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, దాని మీద ఎక్సైటర్ అతికించాలి. దిమ్మె మందం అర అంగుళం దాటితే బరువు పెరిగి బిందె గొంతు మారుతుంది. తీగ బరువు ఎక్సైటర్ మీద పడకుండా తాడుకు జిప్ టైతో కట్టేయండి.

యాంప్లిఫయర్‌కు పెద్ద ఖర్చు అక్కర్లేదు. 5 వోల్టులతో నడిచే పీఏఎం8403 బోర్డు 4 ఓమ్‌లకు చానెల్‌కు 3 వాట్లు ఇస్తుంది, పళ్లేలకు అది చాలు. గంగాళం, నూనె డబ్బా లాంటివాటికి 12 వోల్టుల టీపీఏ3110 బోర్డు వాడండి. రెండు చానెళ్ల బోర్డులు మూడైతే ఆరు వస్తువులు. ఇక్కడ బోర్డు కాలిపోయే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ బోర్డుల అవుట్‌పుట్‌లో మైనస్ తీగ భూమి తీగ కాదు, రెండు తీగల్లోనూ సంకేతం ఉంటుంది. తీగలు ఆదా చేద్దామని రెండు చానెళ్ల మైనస్‌లనూ కలిపినా, మైనస్‌ను డబ్బా లోహానికి తగిలించినా చిప్ పోతుంది. ప్రతి ఎక్సైటర్‌కూ రెండు తీగలు విడిగా లాగాల్సిందే. శబ్దం పంపే ముందు 100 హెర్ట్జ్ కింద కోసేయండి. ఆ అడుగు శబ్దాన్ని చిన్న బిందె ఎలాగూ పలకదు, ఎక్సైటర్ కాయిల్ మాత్రం వేడెక్కి టేపు జిగురు కరుగుతుంది.

ఇక వస్తువు పలికేదాన్ని పట్టుకునే కాంటాక్ట్ మైక్. 27 మిల్లీమీటర్ల ఇత్తడి పీజో బిళ్ల (అదిరితే విద్యుత్తు పుట్టించేది) కొని, మధ్యనున్న వెండి పూతకు లోపలి తీగ, ఇత్తడి అంచుకు షీల్డు (తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) టంకం పెట్టాలి. వెండి పూత మీద ఐరన్ ఒక సెకను మించి ఆనకూడదు, మించితే పూత లేచిపోతుంది. పైన ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఈ బిళ్లను నేరుగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు పెట్టి, “రేకు డబ్బా శబ్దం వస్తోంది” అని బిళ్లను తప్పుపడతారు. తప్పు బిళ్లది కాదు. 27 మిల్లీమీటర్ల బిళ్ల దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటర్. మైక్ ఇన్‌పుట్ నిరోధం 2 కిలోఓమ్‌లు అనుకుంటే, సుమారు 4,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా తగ్గిపోతుంది. 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో ఆ గీటు 800 దగ్గర ఉంటుంది. 1 మెగాఓమ్ అయితే 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, బిందె పొట్ట లోపలి మోత కూడా వినిపిస్తుంది. కాబట్టి గిటారుకు ఉద్దేశించిన ఇన్‌పుట్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఒక టీఎల్072 చిప్‌తో బఫర్ (బిళ్లకూ మిక్సర్‌కూ మధ్య ఉండి, బిళ్ల మీద భారం పడనివ్వని సర్క్యూట్) కట్టుకోవచ్చు: 8వ కాలుకు 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 4వ కాలుకు మైనస్, 1, 2 కాళ్లు కలిపి. రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లతో బ్యాటరీని సగం చేసి, ఆ మధ్య చుక్కను 10 మైక్రోఫారడ్‌తో మైనస్‌కు కట్టి, అక్కడి నుంచి 1 మెగాఓమ్ మీదుగా 3వ కాలుకు ఇవ్వాలి. బిళ్ల 3వ కాలుకూ మైనస్‌కూ మధ్య ఉంటుంది. 1వ కాలు నుంచి 10 మైక్రోఫారడ్ (ప్లస్ కొస చిప్ వైపు) మీదుగా అవుట్‌పుట్. వాడని సగంలో 6, 7 కాళ్లు కలిపి, 5వ కాలును మధ్య చుక్కకు కట్టండి. బిళ్లను గట్టిగా కొడితే పదుల వోల్టులు పుడతాయి. అందుకే 3వ కాలు నుంచి ప్లస్‌కు ఒకటి, మైనస్ నుంచి 3వ కాలుకు ఒకటి 1ఎన్4148 డయోడ్లు పెడితే చిప్ బతుకుతుంది.

మైక్ సంకేతం ఎక్కడికి పోవాలన్నది ముఖ్యం. ట్యూడర్ పద్ధతిలో వస్తువు పలికింది గది మూలల్లోని మామూలు స్పీకర్లకు పోతుంది. అదే వస్తువు ఎక్సైటర్‌కు తిప్పి పంపితే తన బలమైన స్వరం దగ్గర కూత పెడుతుంది. కూత కావాలంటే ముందు లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వనిది) పెట్టుకుని, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా తెరవండి. ఒక వస్తువు మైక్‌ను ఇంకో వస్తువు ఎక్సైటర్‌కు ఇవ్వడం మరింత బాగుంటుంది: కంచు పళ్లెం పలికినదానిలోంచి గంగాళం తనకు నచ్చిన స్వరాలను ఏరుకుంటుంది.

అమరిక అయ్యాక అసలు పని మొదలు. ఫోన్‌లో సైన్ టోన్ జనరేటర్ (ఒకే శుద్ధ స్వరం పుట్టించే యాప్) తెరిచి 100 నుంచి 2,000 హెర్ట్జ్ వరకు మూడు నిమిషాలు పట్టేంత నెమ్మదిగా పోనివ్వండి. వస్తువు ఒక్కసారిగా గొంతెత్తే చోట్లు కాగితం మీద రాసుకోండి. తొందరపడి వేగంగా లాగితే సన్నటి శిఖరాలు దాటిపోతాయి, ఎక్కువసేపు మోగే లోహంలో శిఖరాలు అంత ఇరుకుగా ఉంటాయి. తర్వాత ఆ అంకెల చుట్టూనే శబ్దాలు తయారు చేయండి. శిఖరం 412 దగ్గర ఉంటే 412, 414 రెండూ కలిపి పంపండి, సెకనుకు రెండు విస్పందనాలతో (మోత పెరిగి తగ్గడాలతో) బిందె ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. చిన్న టిక్కులు, హోరు, పిట్టల అరుపులు బాగా పనిచేస్తాయి. సినిమా పాట పంపితే నిరాశే: వస్తువు తన శిఖరాలే పలుకుతుంది, మాటలు పోతాయి, పాట చెడిపోయిన రేడియోలా వినిపిస్తుంది. బిందెలో నీళ్లు పోస్తే స్వరం కిందికి దిగుతుంది, జలతరంగంలో గిన్నెల్ని శ్రుతి చేసేది ఇలాగే. కచేరీ మధ్యలో చెంబుతో పోస్తూ ఉంటే స్వరం జారడం చక్కగా వినిపిస్తుంది. అప్పుడు ఎక్సైటర్ నీటి మట్టానికి పైన ఉండాలి, 230 వోల్టుల ప్లగ్గులు గది అవతల ఉండాలి.

వస్తువులను రెండేసి మీటర్ల ఎడంగా, చాలావరకు నిలుచున్న మనిషి చెవి ఎత్తున కట్టండి. రెండు మూడింటిని పిల్లల చెవి ఎత్తున ఉంచండి. నైలాన్ తాడు బరువుకు సాగుతుంది కాబట్టి ముందురోజే కట్టి, మర్నాడు ఎత్తు సరిచూడాలి. వీటి శబ్దం మాటల స్థాయిని పెద్దగా దాటదు, అందుచేత సీలింగ్ ఫ్యాన్లు ఆపాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకుండా సాయంత్రం పెట్టుకోండి. 50 హెర్ట్జ్ హమ్ వినిపిస్తే అన్ని సాధనాలనూ ఒకే పవర్ స్ట్రిప్‌కు మార్చండి. అయినా పోకపోతే మైకులను ఒక్కొక్కటిగా పీకి చూడండి, షీల్డు తెగిన తీగ దొరుకుతుంది.

తలుపు దగ్గర అడుగు పొడవున్న వెదురు పుల్లలు కొన్ని పెట్టండి. పుల్ల ఒక కొస బిందెకు ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు ఆనిస్తే, గాలిలోకి రాని స్వరాలు కూడా పుర్రెలోంచి వినిపిస్తాయి.