ట్రంప్ కార్డుల్లో ఓడిపోయిన కార్లు

మా అనంతపురంలో 1996, 97 ప్రాంతాల్లో వేసవి సెలవులంటే మధ్యాహ్నం పూట గడప దాటనివ్వని ఎండ, జేజి వేయించి పెట్టిన చెనక్కాయలు, వరండాలో చల్లటి బండల మీద పరిచిన కార్ల ట్రంప్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక కారు బొమ్మ, దాని కింద గరిష్ఠ వేగం, హార్స్‌పవర్, సి.సి. (ఇంజిన్ పరిమాణం), సిలిండర్లు, బరువు అని అయిదు వరుసలు ఉండేవి. ఏ వరుస అడిగితే అందులో పెద్ద అంకె ఉన్నవాడు ఎదుటివాడి కార్డు పట్టుకుపోతాడు. ఊళ్లో తిరిగేవన్నీ అంబాసిడర్లు, పద్మినీలు, మారుతి 800లే కాబట్టి, ఫెరారీ అయినా లంబోర్గినీ అయినా మాకు ఆ అంకెల రూపంలోనే పరిచయం.

మెక్‌లారెన్ ఎఫ్1 చేతికి వచ్చినవాడు ఆ పూటకు రాజు. వేగంలోనూ శక్తిలోనూ దాన్ని ఓడించే కార్డు కట్టలో లేదు. అయినా ఒకరోజు మా చిన్నాయన కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద, తన చేతిలోని లంబోర్గినీ డయాబ్లోను చూసుకుని "బరువు" అన్నాడు. మెక్‌లారెన్ బరువు 1,138 కిలోలు, డయాబ్లో 1,500 కిలోలు దాటుతుంది. ఎక్కువ బరువున్నదే గెలిచినట్టని నియమం పెట్టుకున్నది మేమే కనుక నోరెత్తకుండా కార్డు ఇచ్చేశాను. ఆ నియమం ఎంత తలకిందులైనదో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గోర్డన్ మర్రే ఆ కారును రూపొందించినప్పుడు పోరాడినదంతా బరువుతోనే. ఫార్ములా వన్ రేసు కార్లకు వాడే కార్బన్ ఫైబర్‌తో రోడ్డు కారు చట్రాన్ని మొత్తంగా తయారు చేయించాడు. పవర్ స్టీరింగ్ వద్దన్నాడు, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వద్దన్నాడు, ఇంజిన్‌లోకి గాలిని నెట్టి శక్తి పెంచే టర్బో కూడా వద్దని బీఎమ్‌డబ్ల్యూ చేత 6.1 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజిన్ చేయించుకున్నాడు. ఇంజిన్ గది లోపల బంగారు రేకు అతికించింది ఆడంబరానికి కాదు, వేడిని తిప్పికొట్టడంలో బంగారానికి సాటి లేదని. డ్రైవరు సీటు నట్టనడుమ, అతనికి ఇరువైపులా కాస్త వెనకగా ఇద్దరు ప్రయాణికులు. అన్ని రకాలూ కలిపి తయారైనవి 106 మాత్రమే. 1998 మార్చిలో జర్మనీలోని పరీక్షా మార్గం మీద గంటకు 386 కిలోమీటర్లు దాటిన కారు, మా వరండాలో బరువు తక్కువైనందుకు ఓడిపోయింది.

మమ్మల్ని తికమక పెట్టిన విషయం మరొకటి ఉండేది. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టొయోటా సుప్రా, హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, నిస్సాన్ 300జెడ్‌ఎక్స్, ఏ కార్డు తీసినా హార్స్‌పవర్ 276. అచ్చు వేసినవాడు బద్ధకించి ఒకే అంకె అన్నిటికీ వేశాడని మా అన్న తీర్మానించాడు. అసలు సంగతి జపాన్ తయారీదారుల మధ్య కుదిరిన ఒప్పందం. రోడ్డు ప్రమాదాల్లో మరణాలు పెరుగుతున్న రోజుల్లో, స్వదేశంలో అమ్మే ఏ కారుకూ ఆ హద్దుకు మించిన శక్తి ప్రకటించకూడదని అనుకున్నారు; అది 2004 దాకా నడిచింది. అదే సుప్రా కొద్దిపాటి మార్పులతో అమెరికాకు వెళ్లేసరికి 320 హార్స్‌పవర్ అయ్యింది. పోటీ అంకెల్లో సాగకపోవడం వల్లనే ఆ ఇంజినీర్ల పట్టుదలంతా వేరే చోటికి మళ్లిందని నా నమ్మకం: స్కైలైన్‌లో అవసరాన్ని బట్టి ముందు చక్రాలకు శక్తిని పంచే ఏర్పాటు, ఎన్‌ఎస్‌ఎక్స్‌లో పూర్తి అల్యూమినియం బాడీ. ఎన్‌ఎస్‌ఎక్స్‌ను మార్కెట్‌కు రాకముందే సుజుకా ట్రాక్ మీద నడిపిన ఫార్ములా వన్ ఛాంపియన్ అయర్టన్ సెన్నా బాడీకి గట్టిదనం చాలలేదంటే, హోండా వాళ్లు దాన్ని మళ్లీ బిగించారు. ఈ శ్రమకు కార్డు మీద వరుస ఎక్కడుంది?

అన్నిటికన్నా ఎక్కువ అవమానం పాలైనది మాజ్దా ఆర్‌ఎక్స్-7. దాని సి.సి. 1308. మా వీధి చివరి డాక్టరుగారి మారుతి ఎస్టీమ్ ఇంజిన్ 1298 సి.సి. అని అందరికీ తెలుసు కాబట్టి, ఆ కార్డు వచ్చినవాడిని "డాక్టరు కారు" అని ఏడిపించేవాళ్లం. కానీ ఎస్టీమ్ శక్తి 65 హార్స్‌పవర్, దీనిది 255. ఈ తేడాకు కారణం అందులో పిస్టన్లు లేకపోవడం. మేము ఒలుచుకు తింటున్న రెండు గింజల చెనక్కాయ పొట్టును నిలువునా చీల్చితే లోపల నడుమ కాస్త నొక్కుకున్న గది కనబడుతుంది కదా, దాదాపు ఆ ఆకారపు గదిలో మూడు మూలల రోటర్ ఒకటి తన మూలలను గోడకు ఆనించుకుని తిరుగుతుంది. గాలీ పెట్రోలూ లోపలికి రావడం, నొక్కుకోవడం, మండడం, పొగ బయటికి పోవడం, అన్నీ ఆ తిరుగుడులోనే ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. రోటర్‌కు 654 సి.సి. చొప్పున రెండు రోటర్లకు 1308 అని లెక్క. అయితే మామూలు సిలిండర్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది, ఇక్కడ ప్రతి చుట్టుకూ మండుతుంది కనుక అది 2.6 లీటర్ల ఇంజిన్‌కు సమానమని వాదించవచ్చు. దాని మీద ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రెండు టర్బోలు. రోటర్ మూలల్లోని సీళ్లు అరిగిపోవడం, పెట్రోలు విపరీతంగా తాగడం దాని శాపాలు. అయినా అంత చిన్న, తేలికైన ఇంజిన్‌ను ముందు చక్రాల ఇరుసుకు వెనకగా జరిపి కూర్చోబెట్టవచ్చు కాబట్టే ఆ కారు మలుపుల్లో అంత ఒద్దికగా ఉంటుంది. ఆ కట్టలో నాకు ఈనాటికీ అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

సి.సి. అడిగితే గెలిచేది డాడ్జ్ వైపర్. ఎనిమిది లీటర్లు, పది సిలిండర్లు. తొలినాటి వైపర్ తలుపులకు బయట పిడి ఉండదు, లోపలికి చెయ్యి పెట్టి తీసుకోవాలి. దాని గురించి ఇంతకన్నా చెప్పాలని నాకు అనిపించదు.

కియా సంగతి మాత్రం చెప్పాలి. మా అన్న ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు, 2019 నుంచి ఎర్రమంచి దగ్గర కార్లు చేస్తున్న ఈ కియా తొంభైలలోనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసిందంటే నమ్మలేదు. ఇంగ్లండులోని లోటస్, 1989లో తెచ్చిన ఎలాన్‌ను 1995లో ఆపేసింది. ఆ కారు హక్కులను కియా కొనుక్కుని, తన 1.8 లీటర్ల ఇంజిన్ పెట్టి, వెనక దీపాలు మార్చి, 1996 నుంచి 1999 దాకా కొరియాలో దాదాపు వెయ్యి కార్లు చేసింది. ముందు చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు అని లోటస్ అభిమానులే ముఖం చిట్లించిన కారు అది. మా కార్డుల్లోనూ ఏ వరుసలోనూ గెలిచేది కాదు.

ఫోనులో బొమ్మ చూపిస్తే అన్న దాన్ని పెద్దది చేసి, వెనక దీపాల దగ్గర ఆపి చాలాసేపు చూశాడు.

"ఆ లోటస్ కార్డు నీ దగ్గరే కదన్నా ఉండేది?" అన్నాను.

"నాకాడ యాడుందిరా? నీకే ఇచ్చి, మెక్‌లారెన్ తీసుకుంటి కదా" అన్నాడు.

మెక్‌లారెన్‌ను బరువు అడిగి గెలుచుకున్నాడని నేను, కాదు మార్పిడి చేసుకున్నానని తను. వదిన భోజనానికి పిలిచేదాకా అది తేలలేదు.