మా వాగుకు తిరిగివచ్చే సాల్మన్

వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు తూర్పున ఉన్న ఇసక్వాలో మేము కాపురముంటున్నాము. ఏటా సెప్టెంబరు వచ్చేసరికి, పసిఫిక్‌లో ఏళ్ల తరబడి తిరిగిన సాల్మన్ చేపలు సియాటిల్‌లో ఓడలను సముద్రం నుంచి సరస్సుల వైపు దాటించే బాలర్డ్ లాకుల దగ్గర తమ కోసం కట్టిన నీటిమెట్లు ఎక్కి, వాషింగ్టన్, సమామిష్ సరస్సులు దాటి, పుట్టిన నీటి వాసన పట్టుకుని మా వాగుకు చేరతాయి. గోదావరిలో ఎదురీదే పులసను ఎరిగిన మనకు ఈ ప్రయాణం వింత కాదు. కాకపోతే పులస గుడ్లు పెట్టి సముద్రానికి మళ్లుతుంది, ఈ సాల్మన్ గుడ్లు పెట్టి ఇక్కడే ప్రాణం విడుస్తుంది.

అడవుల నరికివేత, బొగ్గు గనుల మూలంగా ఈ వాగులోని అసలు సంతతి దాదాపు అంతరించిపోయాక, 1936లో ఇక్కడ చేపగుడ్లు పొదిగించి పిల్లలను పెంచే హేచరీ కట్టారు. గ్రీన్ నది సంతతి గుడ్లతో సాల్మన్‌లో చినూక్ అనే రకాన్ని మళ్లీ నిలబెట్టారు. 1990ల తొలినాళ్లలో నిధులు లేవని రాష్ట్ర ప్రభుత్వం దీనిని మూసివేయబోతే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. సంఘంగా ఏర్పడి దానిని నిలబెట్టుకున్నారు. ఈనాటికీ బడిపిల్లలకు హేచరీ చూపించి, ఓపికగా వివరించేది ఆ సంఘం వాలంటీర్లే.

నిరుడు అక్టోబరులో, గుడ్లు తీసే రోజున మా అమ్మాయిని తీసుకువెళ్లాను. ఆడచేప పొట్ట చీల్చగానే బఠాణీ గింజలంతటి నారింజరంగు గుడ్లు వేలకొద్దీ జారి బకెట్‌లో పడ్డాయి. మగచేప పొట్ట నొక్కి, పాలలాంటి వీర్యాన్ని వాటిపై పిండి, నీళ్లు పోసి మెల్లగా కలిపారు. "చేపను చంపాల్సిందేనా?" అని అమ్మాయి కళ్లనీళ్లతో అడిగితే, వాగులో గుడ్లు పెట్టినా అది కొద్దిరోజులకు మించి బతకదని ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చెప్పారు.

హేచరీ ఒక్కటే చాలదన్నది నా గట్టి అభిప్రాయం. తొట్టెలో మేత తిని పెరిగిన పిల్లలు తరాలు గడిచేకొద్దీ వాగులో బతికే నేర్పు కోల్పోతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. అందుకే వాగులో పుట్టినవాటి నుంచి వేరుగా తెలిసేలా, హేచరీ పిల్లలకు వీపు మీద, తోకకు ముందుండే చిన్న రెక్కను కత్తిరించి గుర్తు పెడతారు. ఆ రెక్క ఉన్న చేపలను, అంటే వాగులో పుట్టినవాటిని, జాలర్లు చాలాచోట్ల వదిలేయాలి. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యుజెట్ సౌండ్‌కు చెందిన చినూక్ 1999 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. కోహో రకానిది మరో కష్టం: వానకు రోడ్ల మీద నుంచి కొట్టుకువచ్చే టైర్ల రసాయనం వాటిని గంటల్లో చంపుతుందని 2020లో తేలింది. ఆ నీటిని నేలలో ఇంకించి వడకట్టే పని, గట్టున నీడనిచ్చే చెట్లు పెంచే పని హేచరీ గోడల బయట జరగాలి. ఈ చలికాలం గట్టున మొక్కలు నాటేందుకు అమ్మాయి పేరు, నా పేరు ఇచ్చి వచ్చాను.