డబ్బా సరే, కుర్చీలోంచి లేవాలి కదా

తిరుపతి వస్తున్నానని తెలిస్తే చాలు, బైరాగిపట్టెడలో మా వీధంతా అడిగేది ఒకటే: "పెద్దోళ్లకు బలానికి ఆ ప్రొటీన్ డబ్బా ఏదో పట్టుకురామ్మా." బోస్టన్‌లో నా ఉద్యోగం ముసలితనంలో తిండి, కండ మీద పరిశోధన. అందుకే డబ్బాల సంగతిలో నా మాటకు అంత గిరాకీ. తమాషా ఏమంటే, వాటి మీద అంతగా నమ్మకం లేనిది మా వీధిలో నేనొక్కదాన్నే.

దానికి కారణం ఉంది. 1994లో బోస్టన్‌లోనే ఒక వృద్ధాశ్రమంలో వందమంది మీద చేసిన ప్రయోగం మా రంగంలో అందరికీ తెలుసు. వాళ్ల సగటు వయసు 87. కొందరికి బరువులతో కాళ్ల వ్యాయామం, కొందరికి పోషకాల పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాలకు వ్యాయామం చేసినవాళ్ల కాళ్ల బలం రెట్టింపు దాటింది. ఒట్టి పానీయం తాగినవాళ్లకు బలం పెరగలేదు. పని చెప్పని కండకు ఎంత పోసినా అంతే.

అలాగని తిండి లెక్క లేదని కాదు. మన జాతీయ పోషకాహార సంస్థ వయోజనులందరికీ కలిపి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్పింది. వయసు మళ్లినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరు చెప్పినట్టే తినాలి. ఆ బృందం లెక్కన అరవై కిలోల ముసలి మనిషికి రోజుకు 60 నుంచి 72 గ్రాములు. రాత్రికి రెండు ఇడ్లీలు తిని పడుకుంటే అందులో వచ్చేది నాలుగైదు గ్రాములే. పైగా మా తిరుపతిలో శనివారం ఒక్కపొద్దు ఒకటి. షుగరని అన్నం తగ్గిస్తారు, దాని బదులు కంచంలోకి ఏమీ రాదు. ఒళ్లు తగ్గితే "షుగర్ కంట్రోల్‌లో ఉంది" అని సంతోషపడతారు. ముసలివయసులో కావాలని తగ్గకుండా తగ్గే బరువును మేం భయంగానే చూస్తాం.

ల్యాబులో నా పనిలో సగం తిండి ఆరా తీయడమే. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారో మొదట గబగబా చెప్పించాలి. తర్వాత మర్చిపోయినవాటి కోసం మళ్లీ తవ్వాలి. కాఫీలో పాలెన్ని, బిస్కెట్లు ఎన్ని, ఎంత కప్పు... ఇలా అయిదు దఫాలు. ఓపిగ్గా అడిగితే ఎవరైనా నిజం చెబుతారు. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం ఈ విద్య పనికిరాదు. ఎండాకాలంలో నా మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. "తిన్నావా నాయనా?" "తిన్నాలే అమ్మణ్ణీ." అంతే, పేజీ ఖాళీ. డబ్బా పంపడం ఎందుకంత సులువుగా తోస్తుందో అప్పుడు అర్థమవుతుంది. దానికి ఇలాంటి సంభాషణ అక్కర్లేదు.

దాచడంలో నేనూ తక్కువ కాదు. నా ఉద్యోగం ఏమంత గట్టిది కాదు. జీతం గ్రాంటులోంచి వస్తుంది, గ్రాంటు అయిపోతుంటే వీసా టెన్షన్ తోడవుతుంది. తిరుపతిలో ఎవరికీ ఇది చెప్పను, చెప్పినా "అమెరికాలో నీకేం తక్కువ" అంటారు.

పోయినసారి వచ్చినప్పుడు నాయనకు కాళ్ల సత్తువ చూసే కుర్చీ పరీక్ష పెట్టాను. చేతులు గుండెల మీద కట్టుకుని, ఆసరా లేకుండా అయిదుసార్లు లేచి కూర్చోవాలి. "అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినోణ్ణి, మోకాళ్ల పర్వతం దాటినోణ్ణి, నాకు కుర్చీ పరీక్షా?" అన్నాడు. మొదటి మూడుసార్లు బాగానే లేచాడు. నాలుగోసారి చెయ్యి తెలియకుండానే తొడ మీదికి పోయింది. "చెయ్యి తియ్" అన్నాను. అయిదోసారికి మెడ ముందుకు వేలాడింది, లేచాడు. ఫోన్‌లో పద్నాలుగు సెకన్లు.

ఆసియా నిపుణులు 2019లో పెట్టిన గీత పన్నెండు సెకన్లు, అది దాటితే సత్తువ తగ్గినట్టు. యూరప్‌వాళ్లది పదిహేను. రెండూ చెప్పాను. "అయితే యూరప్ లెక్కలో నేను పాసే" అని లేచి వెళ్లిపోయాడు. చేత్తో.

అమ్మే దారికొచ్చింది. రాత్రి ఇడ్లీకి బదులు సంగటి ముద్దలోకి చెనక్కాయలు నూరి ఊరిబిండి చేస్తోంది, అనపకాయల కాలంలో పితికిపప్పు. చెనక్కాయల్లో నూటికి పాతిక గ్రాములు ప్రొటీనే. గుడ్డు మధ్యాహ్నం, శనివారం తప్ప. ఇక కుర్చీ విషయం: టీవీలో వార్తలొచ్చేంతసేపూ లేచి కూర్చుంటున్నానని నాయన ఫోన్‌లో చెబుతాడు. పక్కనుంచి అమ్మ, "ప్రకటనలు వచ్చినప్పుడే" అంటుంది.