ప్రతిదాంట్లో తెలుగెందుకమ్మా?

"అమ్మా, కాసేపు మాట్లాడకు. నన్ను చూడనివ్వు."

భువనేశ్వర్‌లో కల్పనా ఛక్ దగ్గరున్న ఒడిశా స్టేట్ మ్యూజియంలో, తాళపత్రాల గదిలో పదకొండేళ్ల మా అమ్మాయి అన్న మాట ఇది. గట్టిగా కూడా అనలేదు. అద్దానికి ముక్కు ఆనించి, నా వైపు తిరగకుండానే అంది. మనసు చివుక్కుమంది.

ఒడిశాలోనే ఉన్న మా ఊరు బరంపురంలో పొద్దున్నే రైలెక్కి వెళ్లాం. ఆ గదికి వచ్చేసరికే పిల్లలు నా మాటలతో విసిగిపోయి ఉన్నారు. ఏ శిల్పం దగ్గర ఆగినా, ఇలాంటిది మన శ్రీకాకుళం వైపు ముఖలింగం గుళ్లోనూ ఉందన్నాను. 1936 దాకా మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదన్నాను. ఏడేళ్లవాడు చెనాపొడ అనే ఒడియా మిఠాయి కొనిపెట్టమని కొంగు లాగుతున్నా వినిపించుకోలేదు. తాళపత్రాలు కనబడగానే, తెలుగువాళ్లు కూడా ఇలాగే గంటంతో రాసేవారని మళ్లీ అందుకున్నాను. అప్పుడే అమ్మాయి ఆ మాట అంది. కాసేపాగి, "ప్రతిదాంట్లో తెలుగెందుకమ్మా? ఇది కూడా నాదే కదా" అని కూడా అంది.

తనేం చూస్తోందో అప్పుడు చూశాను. రెండు మూడు వేళ్ల వెడల్పున్న ఆకు మీద సన్నటి బొమ్మలు, పక్కన ఒడియా అక్షరాలు. ఇనప గంటంతో ఆకు మీద గీసి, పైన మసి రుద్ది తుడిచేస్తే, గీతల్లో దిగిన మసి మాత్రం మిగులుతుంది. ఒకచోట ఆ మసి కూడా పోయింది. మా అమ్మాయి తల అటూ ఇటూ వంచి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుంటోంది. "ఇక్కడ నలుపు పోయింది గానీ గీత ఉందమ్మా, చూడు" అంది. అంతకుముందు రెండుసార్లు ఆ గదికి వెళ్లాను. నాకెప్పుడూ కనబడలేదు.

తిరుగు రైల్లో పిల్లలు నిద్రపోయారు. నాకు పట్టలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేనే. స్కూలు ఫారంలో మాతృభాష అన్నచోట 'ఒడియా' అని రాసిందీ నేనే, పిల్లకి ఇబ్బంది ఉండకూడదని. కోపం వస్తే నా నోటికి వచ్చేది కూడా ఒడియానే. మరి ఏ మొహం పెట్టుకుని దాన్ని అడగను?

పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లేవాళ్లకి ఒకటి చెప్పగలను. ఒక్క గది చాలు. ఆ మ్యూజియం దగ్గరున్న తాళపత్ర గ్రంథాలే 30 వేలకు పైగా ఉన్నాయి, ఎన్నని చూస్తాం? సోమవారం సెలవు, అది చూసుకోండి. ముందు వాళ్ల కడుపు నింపండి. తర్వాత మీరు మాట్లాడకండి. ఇలా రాస్తున్నానే గానీ, నేను మాట్లాడకపోతే తెలుగు మాట వాళ్ల చెవిన వేసేదెవరు? మా వీధిలో చాలా ఇళ్లలో పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఒడియాలో వస్తుంది. ఊరుకోవడం కూడా తప్పేనేమో. నాకు తెలియడం లేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక తాటాకు ఎండబెట్టింది. జామెట్రీ బాక్సులోని కంపాస్ ముల్లుతో రాయబోయింది. కింద అడ్డంగా గీత గీస్తే ఆకు పొడుగునా చీలిపోయింది. "అందుకా గుండ్రంగా రాసేవాళ్లు!" అంది. తెలుగు అక్షరాల గుండ్రదనానికీ ఈ కారణమే చెబుతారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

మా అమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. "నాకు సింహాచలం అని రాసిపెట్టవే" అంది. పిల్ల ఇంకో ఆకు తీసుకుని, తనకొచ్చిన ఒడియా అక్షరాల్లో రాసి, దీపం మసిలో నూనె కలిపి రుద్దింది. మా అమ్మకి చదవడం తెలుగొక్కటే వచ్చు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం మీదా వేలు జరుపుతూ, 'సిం' దగ్గర ఆగింది.

"ఇది సున్నా కదే?"

"అవును అమ్మమ్మా, సున్నాయే."

"మరి దీని తరవాతది ఏటి?"